మోతీతో పాత సూరత్‌లో

ఆంగ్ల సాహిత్యం చదువుకొనే రోజుల్లో కేథడ్రల్ నగరాలంటే నాకు ఎంతో మోజు. ట్రాలోప్‌కు 'ది వార్డెన్' నవల ఊహ సాల్స్‌బరీ కేథడ్రల్ పరిసరాలలో తిరుగుతుండగా తట్టిందట. 1855లో వెలువడిన ఆ పుస్తకం చదివిన నాటినుంచి, అటువంటి ఊళ్ళో కుక్కను వెంటబెట్టుకొని, ఏ తొందరా లేకుండా నడవాలని కోరిక. అది తీరలేదు. జీవనోపాధి నన్ను గుజరాత్‌లోని పల్సానాకు చేర్చింది. చెరకు తోటలు, బట్టల మిల్లులు, రాత్రింబవళ్ళు లారీలు పరుగెత్తే జాతీయ రహదారి, ఇదీ మా ఊరు. అయితే, కొద్ది దూరంలోనే తాపీ నది ఒడ్డున సూరత్ నగరమున్నది. కుక్క కూడా తనంతట తానే లభించింది.

దాని పేరు మోతీ. మా పక్కవాటాలో ఉండిన సిరిసిల్ల నేత కార్మికుని పిల్లలు దానిని పెంచారు. 2020లో లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగిపోయినప్పుడు ఆ కుటుంబం స్వగ్రామానికి బయలుదేరింది. "ఒక్క నెల చూసుకోండ్రి, మళ్ళ వస్తం" అని దానిని నాకప్పగించారు. మళ్ళీ రాలేదు.

మొన్న శీతకాలంలో ఒక ఆదివారం తెల్లవారుజామున, తెలిసినవారి ఆటోలో మోతీని తీసుకొని సూరత్ చేరాను. చౌక్ బజారులో దిగితే ఎదురుగా కోట. పోర్చుగీసువారి దాడులకు తాళలేక, పదహారవ శతాబ్దంలో ఖుదావంద్ ఖాన్ దీనిని కట్టించాడు. కోట గోడ వెంట మోతీ ప్రతి రాతినీ వాసన చూసింది. చరిత్రకారునికైనా అంత శ్రద్ధ ఉండదు.

అక్కడికి సమీపంలోనే మొగల్ సరాయి. షాజహాన్ కాలంలో, 1644లో, మక్కా యాత్రికుల బస కోసం దీనిని నిర్మించారు. తరువాతి కాలంలో ఇది నగరపాలక సంస్థకు కార్యాలయమైనది. పరదేశికి ఒక రాత్రి నిలువనీడ ఇవ్వడం ఈ నగరానికి పాత అలవాటు. 1689లో ఓడ ఎక్కి ఇక్కడికి వచ్చిన ఆవింగ్టన్ అనే ఆంగ్ల మతాచార్యుడు, ముసలి ఎడ్లకూ, కుక్కలకూ కూడా ఇక్కడొక ఆసుపత్రి ఉన్నదని ఆశ్చర్యంతో వ్రాశాడు.

మెల్లగా నడిచి కతార్‌గామ్ దర్వాజా చేరాము. నాకు దొరికిన కేథడ్రల్ ఇదే: ఆంగ్లేయుల, డచ్చివారి శ్మశానవాటికలు. ఎవరో నవాబుల సమాధులని భ్రమింపజేసే గుమ్మటాలు. కానీ లోపల ఉన్నవారు వర్తకులు. గేటు దగ్గర కావలివాడు కుక్కకు ప్రవేశం లేదన్నాడు. బయట టీ కొట్టు అతను, తాను చూస్తానని మోతీ ముందు ఒక బిస్కెట్టు వేశాడు.

నాకు నవ్వు వచ్చింది. మొగల్ దర్బారుకు వచ్చిన ఆంగ్ల రాయబారి థామస్ రో 1615లో ఈ సూరత్ రేవులోనే దిగాడు. ఇంగ్లండు నుంచి ఓడలో తెచ్చిన పెద్ద కుక్కల్లో రెండే బతికి జహంగీరును చేరగా, చక్రవర్తి వాటికి పల్లకీలనూ, నలుగురేసి సేవకులనూ ఏర్పాటు చేశాడని రో వెంట ఉన్న టెర్రీ వ్రాశాడు. మోతీకి ఒక బిస్కెట్టుతో సరి.

ఆంగ్లేయుల వాటికలో ఆక్సెండెన్ సోదరుల సమాధి రెండంతస్తులది. అన్న జార్జి, 1664లో శివాజీ సూరత్‌పై దాడి చేసినప్పుడు ఫ్యాక్టరీని కాపాడినవాడు, 1669లో మరణించాడు. తమ్ముడు క్రిస్టఫర్ 1659లోనే పోయాడు. ఆ తమ్ముని లాటిన్ సమాధి లేఖనం వర్తకుని జమాఖర్చుల భాషలో ఉన్నది: సంవత్సరాలు కాక రోజులే లెక్కలో వ్రాసుకోగలిగాడనీ, మృత్యువు హఠాత్తుగా లెక్క అడిగిందనీ దాని భావం. అనువాదకుల చేతులు దురద పెట్టే వాక్యాలవి.

డచ్చివారు ఈ సమాధిని మించాలనే పట్టుదలతో 1691లో మరణించిన వాన్ రీడ్‌కు ఎనిమిది కోణాల, జంట గుమ్మటాల సమాధి కట్టారని చెబుతారు. పోటీ మాట ఎలా ఉన్నా, ఆయనను నిలిపినది రాయి కాదు, పుస్తకం. మలబారు మొక్కలపై 12 సంపుటాల 'హోర్తుస్ మలబారికుస్' ఆయన పూనికతోనే రూపొందింది. ఇట్టి అచ్యుతన్ వంటి స్థానిక వైద్యులు చెప్పిన పేర్లూ, గుణాలూ అందులో లాటిన్‌లోకి వెళ్ళాయి. కె.ఎస్. మణిలాల్ దశాబ్దాల కృషి ఫలితంగా 2003లో ఆంగ్లంలోకీ, 2008లో తిరిగి మలయాళంలోకీ వచ్చాయి. మూడు వందల ఏళ్ళకు మాటలు ఇల్లు చేరాయి.

అప్పుడు బయట అలికిడి. టీ కొట్టు అతను "ఆవ్, ఆవ్" అని గుజరాతీలో బతిమాలుతున్నాడు. మోతీ కదలడం లేదు. నేను గేటు దగ్గరికి వచ్చి "దా!" అన్నాను. తోక ఊపుతూ వచ్చింది. ఇన్నేళ్ళు సూరత్ గాలి పీల్చినా దానికి తెలుగే వచ్చును.

ఆ రాత్రి సిరిసిల్లకు ఫోను చేశాను. పిల్లవాని గొంతు మారింది, పెద్దవాడయ్యాడు. ఫోను మోతీ చెవి దగ్గర పెట్టాను. "మోతీ, దా!" అన్నాడు. అది లేచి తలుపు దగ్గరికి వెళ్ళి కూర్చున్నది. చాలాసేపు కదలలేదు. పండుగకు వచ్చి తీసుకుపోతామని వాళ్ళ నాన్న అన్నాడు. సరేనన్నాను. వాళ్ళు రావాలనే ఉన్నది, రాకూడదనీ ఉన్నది. మోతీ మాత్రం తలుపు వైపే చూస్తున్నది.