రేవులో మోటారు

నీళ్ళు తోడడానికి పెద్ద చదువేమీ అక్కరలేదని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. చేద, చాంతాడు, రెండు చేతులు, ఇంతేగదా అంటారు. నేను తెలుగు ఎం.ఏ. చదివి, కాలేజీలో పిల్లలకు ప్రబంధాలు చెప్పుకుని బతుకుతున్న వాణ్ణేగాని, పుట్టింది కాలవగట్టున. మా నాన్నగారి ఆయిలింజనుకి నీళ్ళు పోసి పెరిగినవాణ్ణి. అంచేత ఈ విషయంలో రెండు ముక్కలు చెప్పే అధికారం నాకుందనుకుంటాను. నీళ్ళు తోడడం తేలిక కాదు. మోటారు పెట్టి తోడడం మరీ తేలిక కాదు.

నిరుడు వేసవి సెలవుల్లో, మా చెల్లాయి పిలవగా పిలవగా, అమెరికా వెళ్ళాను. చెల్లాయీ, మా బావమరిదీ జార్జియా రాష్ట్రంలో అట్లాంటాకి ఉత్తరాన లేనియర్ సరస్సు దగ్గర ఇల్లు కొనుక్కున్నారు. ఆ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామందే ఉన్నారు. కూరల కొట్టుకి వెళితే గోంగూర కట్టల దగ్గర అచ్చమైన గుంటూరు యాస వినిపించింది. పరాయి దేశం వచ్చానన్న దిగులు సగం అక్కడే తీరిపోయింది.

ఈ సరస్సు మన కొల్లేరులాగా దానంతటది ఏర్పడ్డది కాదు. చాటహూచీ అనే నదికి బ్యూఫర్డ్ దగ్గర ఆనకట్ట కట్టగా నిండినది. పని 1950లో మొదలైంది, ప్రారంభోత్సవం 1957లో జరిగింది. మన నాగార్జునసాగరానికి 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది గనక, ఇద్దరూ ఇంచుమించు ఒక ఈడువాళ్ళే అన్నమాట. నిండినప్పుడు నీరు సముద్రమట్టానికి 1071 అడుగుల ఎత్తున నిలిచి, సుమారు 38 వేల ఎకరాలు పరుచుకుంటుంది. నాబోటివాడికి అన్నిటికన్న ముచ్చట వేసినది దాని పేరు. సిడ్నీ లేనియర్ ఒక కవి. చాటహూచీ నది మీద 1877లో పద్యం రాశాడు. 39 ఏళ్ళకే పోయాడు. తాను పాడిన నది ఇంత సరస్సు అవుతుందనీ, దానికి తన పేరు పెడతారనీ పాపం ఆయనకేం తెలుసు!

ఇక రేవు సంగతి. అక్కడ వాళ్ళు దాన్ని డాక్ అంటారు. మన రేవుల్లాగా రాతిమెట్లు ఉండవు. కింద తేలే డబ్బాలు, పైన బల్లపరుపు, పడవ కట్టుకోవడానికి ఒక గాలా, నెత్తిన రేకుల కప్పు. ఒడ్డునించి దానిమీదికి చిన్న వంతెన. సరస్సు పెరిగితే తానూ పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. ఇల్లు కొన్నప్పుడు ఆ డాక్ కూడా వీళ్ళ వాటాకి వచ్చింది. "మన సొంత రేవు, బావగారూ!" అని మా బావమరిది మొదటిరోజే నన్ను తీసుకెళ్ళి చూపించాడు.

సొంతరేవు ఎంత అందంగా ఉందో అంత మురికిగానూ ఉంది. ఆ దేశంలో వసంతం వస్తే దేవదారు జాతి చెట్లనించి పుప్పొడి రాలుతుంది. రాలడమంటే అలా ఇలా కాదు, పసుపు కొమ్ములు దంచి ఊరంతా చల్లినట్టుంటుంది. దానికి తోడు పెద్ద బాతులు. అవి మందలు మందలుగా వచ్చి, డాక్ మీద సభ చేసి, సంతకాలు పెట్టి మరీ వెళతాయి. మూలమూలనా సాలెగూళ్ళు. ఇంట్లో కుళాయినించి గొట్టం లాగుదామంటే ఇల్లు మెరక మీద ఎక్కడో ఉంది. అదీగాక కొళాయి నీరు శుద్ధి చేసిన తాగేనీరు, దానికి డబ్బు. కాళ్ళకింద 38 వేల ఎకరాల నీరుండగా తాగేనీటితో బాతుల రెట్టలు కడగడమేమిటని మా బావమరిది వాదం. వాదంలో న్యాయం ఉంది.

అతగాడు కంప్యూటర్ల ఇంజనీరు. ఏ పనైనా పెద్ద ఎత్తున మొదలెట్టడం అలవాటు. ఒక శుక్రవారం సాయంత్రం ముప్పావు హార్స్‌పవర్ కరెంటు పంపూ, యాభై అడుగుల పచ్చతీగా మోసుకొచ్చాడు. ఒడ్డున పాతవాళ్ళు పెట్టించిన స్తంభానికి ప్లగ్గు ఉంది. దానికి తీగ తగిలించి, పంపు డాక్ చివర పెట్టి, శనివారం పొద్దున్న ప్రారంభోత్సవం. పదకొండేళ్ళ మేనల్లుడూ, ఎనిమిదేళ్ళ మేనకోడలూ ఈతబట్టలు తొడుక్కుని, మోటారు వెయ్యగానే ఆ జల్లులోంచి నీళ్ళలోకి దూకాలని కాచుకుని కూచున్నారు.

మా చెల్లాయి కాఫీ గ్లాసులతో వచ్చింది. తీగకేసి చూసింది, పిల్లలకేసి చూసింది.

"అన్నయ్యా, మన ఊళ్ళో మోటారు వేసినప్పుడు నాన్న మనల్ని కాలవలో దిగనిచ్చేవారు కాదు, గుర్తుందా?" అంది.

గుర్తులేకేం? ఆయిలింజను పోయి కరెంటు మోటారు వచ్చాక మా నాన్నగారికి ఆ భయం పట్టుకుంది. మోటారు దగ్గర పనిపడి ఎవరైనా నీళ్ళలోకి దిగాలంటే ముందు ఫ్యూజులు పీకి, వాటిని తన జేబులో వేసుకునేవారు. పని అయ్యి మనిషి గట్టెక్కి, ఒళ్ళు తుడుచుకున్నాకగాని అవి జేబులోంచి బయటికి వచ్చేవి కావు. తడిచేత్తో స్టార్టరు ముట్టుకుని పోయినవాళ్ళను చూసిన ఊరు మాది.

"ఇక్కడ అలాంటివేం ఉండవోయ్. లీకైతే దానంతటదే తెగిపోయే స్విచ్చి ఉంటుంది," అన్నాడు బావమరిది.

"ఉంటుంది సరే, అది పనిచేస్తోందని ఎవరు చూశారు?" అన్నాను నేను. అతను మాట్లాడలేదు.

అంతలో పక్క డాక్ పెద్దాయన మా సందడి విని వచ్చాడు. డెబ్బయి దాటిన మనిషి, మాట తక్కువ. పచ్చతీగను చూడగానే తిన్నగా ఒడ్డుకి నడిచి, ప్లగ్గు పీకి చేత్తో పట్టుకొచ్చి, "పిల్లలు ఈ నీళ్ళలోనేనా ఈదేది?" అని అడిగాడు. తరవాత ఆయన చెప్పింది వింటే చెయ్యి చల్లబడింది.

మంచినీరు కరెంటుని అంత బాగా పోనివ్వదు. మనిషి ఒంట్లో ఉప్పుంది గనక మనిషి బాగా పోనిస్తాడు. డాక్ దగ్గర ఎక్కడో తీగ ఒరుసుకుపోయి కరెంటు నీళ్ళలోకి కారుతుంటే, అందులో ఈదే మనిషి దానికి సుళువైన దారి అవుతాడు. సముద్రపు నీరు ఉప్పగా ఉంటుంది గనక అక్కడ ఈ గండం తక్కువ; చెరువులూ సరస్సులే ప్రమాదం. పది పదిహేను మిల్లీ ఆంపియర్లు చాలు, కండరాలు బిగుసుకుపోతాయి. మన ఇళ్ళల్లో పాతకాలపు అరవై వాట్ల బల్బు తీసుకునే కరెంటులో అది పదిహేనోవంతు కూడా కాదు. మనిషి చచ్చిపోయేంత దెబ్బ తగలనక్కరలేదు. చెయ్యి ఆడదు, నోరు పెగలదు, మునిగిపోతాడు. ఒంటిమీద మచ్చ ఉండదు గనక ఈత రాక మునిగిపోయాడనే చూసినవాళ్ళు అనుకుంటారు. రక్షిద్దామని దూకినవాడికీ అదే గతి. 2023 జులైలో ఈ సరస్సులోనే, డాక్ మీదినించి దూకిన ఒక యువకుడు ఇలాగే కరెంటు తగిలి మరణించాడు.

"ఎవరైనా నీళ్ళలో కొట్టుకుంటుంటే దూకవద్దు. ముందు కరెంటు తీసెయ్యండి. తరవాత తేలేది ఏదైనా విసరండి," అని చెప్పి పెద్దాయన వెళ్ళిపోయాడు.

పిల్లలు మారుమాట్లాడకుండా ఈతబట్టలు మార్చుకున్నారు. సోమవారం లైసెన్సున్న ఎలక్ట్రీషియనుని పిలిపించారు. ఒడ్డునించి డాక్ దాకా గొట్టంలో వచ్చే తీగల్ని అతను విప్పి చూశాడు. డాక్ రాత్రింబగళ్ళు అలలకి కదులుతూనే ఉంటుందిగదా, వంతెన మలుపు దగ్గర ఎర్తు తీగ ఒరిగి ఒరిగి తెగిపోయి ఉంది. లీకుని పట్టవలసిన స్విచ్చి నొక్కి చూస్తే, అది ఎప్పుడో చచ్చి ఊరుకుంది. అయిదు మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే తెగవలసిన స్విచ్చి అది. తీగ ముక్క చేత్తో పట్టుకుని మా బావమరిది చాలాసేపు మెట్లమీద కూచున్నాడు. ఆ తీగ ఉన్న రేవులో ఆ పిల్లలు కిందటి వేసవి అంతా ఈదారు.

ఆ రోజే డాక్ కి కరెంటు పూర్తిగా తీసేయించారు. ముప్పావు హార్స్‌పవర్ పంపు అట్టపెట్టెతో సహా కొట్టుకి తిరిగి వెళ్ళింది. దాని బదులు పడవలు కడుక్కునే చిన్న పంపు వచ్చింది. పన్నెండు వోల్టులది, కారు బ్యాటరీలాంటి దానిమీద నడుస్తుంది. బ్యాటరీకి రేకుల కప్పుమీద చిన్న సౌరఫలకం. బ్యాటరీ దగ్గరే ఒక ఫ్యూజు. ఈ పంపు నిమిషానికి నాలుగు గాలన్లు, అంటే మన లెక్కకి పదిహేను లీటర్లు ఇస్తుంది. డాక్ కడగడానికి అంతకన్న ఎందుకు? పన్నెండు వోల్టులకి నీళ్ళలో మనిషిని పట్టుకుని బిగించే బలం లేదు. పిల్లలు ఈదేటప్పుడు అదీ ఆపేయాలనేది మా చెల్లాయి పెట్టిన చట్టం. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆ సరస్సు ఒడ్డు భూమి సర్కారుది. ఆనకట్ట చూసే సైనిక ఇంజనీర్ల శాఖవారి అనుమతిపత్రం ఉంటేనే డాక్ ఉంటుంది. నీరు తోడే గొట్టం సంగతీ వాళ్ళని అడిగే పెట్టాలి. అడిగే పెట్టారు.

బిగించే పని నాకూ కొంచెం దక్కింది. పీల్చే గొట్టం మూతికి జల్లెడ తొడిగి, నీటిమట్టానికి మూడడుగుల కింద వేలాడదీశాం. పైపైన ఉంటే పుప్పొడి తెట్టె, అడుగున ఉంటే బురద. నడిమి నీరే తేట. డాక్ నీటితోపాటే లేస్తుంది, దిగుతుంది గనక ఆ మూడడుగులు ఎప్పుడూ మూడడుగులే. మన కాలవగట్టున మోటారుకి ఈ భాగ్యం లేదు. నీరు తీసినకొద్దీ గొట్టం పొడిగించుకోవలసిందే.

అంతా అయి స్విచ్చి వేస్తే పంపు బర్రుమంటోందిగాని చుక్క రాదు. మా బావమరిది పంపు పాడైందన్నాడు. నాకు మా నాన్నగారి మాట గుర్తొచ్చింది: "పంపు నీళ్ళు లాగదురా, గాలి తీసేస్తుంది. బయటి గాలి బరువే నీళ్ళని పైకి తోస్తుంది." ఎంత గొప్ప పంపైనా పదిమీటర్ల పైచిలుకు ఎత్తుకి పీల్చలేదు, వాడుకలో ఏడు మీటర్లు వస్తే గొప్ప. ఇక్కడ ఎత్తు రెండడుగులు. అంటే ఎత్తు తప్పు కాదు, ఎక్కడో గాలి దూరుతోంది. పీల్చే వైపు అతుకు వదులైతే అక్కడ నీరు కారదు, గాలి లోపలికి పోతుంది. కంటికేమీ కనిపించదు. మేనల్లుడి పాత సైకిలు ట్యూబు తెప్పించి, రిబ్బనులాగా కోసి, అతుకుమీద బిగించి చుట్టాను. రెండు నిమిషాల్లో నీరు ధారకట్టింది. మర్నాడు సరైన క్లిప్పు కొనితెచ్చి వేశారనుకోండి. అయినా, "మామయ్య ట్యూబుతో బాగుచేశాడు" అని పిల్లలు ఆ వీధంతా చెప్పుకున్నారు.

కడగడంలో ఒక తగువు వచ్చింది. బావమరిది సబ్బునీళ్ళు తెస్తే చెల్లాయి ఒప్పుకోలేదు. డాక్ మీద పోసిన సబ్బు ఎక్కడికి పోతుంది? తిన్నగా సరస్సులోకే. సబ్బు చేపల మొప్పలను పాడుచేస్తుంది. పైగా అట్లాంటా ప్రాంతం తాగేది చాలావరకు ఈ నీరే. రెట్టలు ముందు గీకి సంచిలో ఎత్తి, ఆ తరవాత గట్టి బ్రష్షూ వట్టినీళ్ళూ వాడితే బల్లలు తెల్లగా వచ్చాయి. శీతాకాలం రాకముందే పంపులో నీరు వంచేయాలని పెద్దాయన హెచ్చరించాడు. గడ్డకట్టిన నీరు ఉబ్బి పంపుని పగలగొడుతుంది.

పెద్దాయన చెప్పిన ఇంకో సంగతి. 2007లో కరువు వచ్చి సరస్సు ఇరవై అడుగులు దిగిపోయిందట. తేలే రేవులన్నీ ఎర్రమట్టిమీద కూలబడ్డాయట. ఈ నీటికోసం జార్జియా, అలబామా, ఫ్లోరిడా రాష్ట్రాలు 1990నించి కోర్టులకెక్కాయి; కింద సముద్రతీరంలో తమ ఆల్చిప్పలు చస్తున్నాయని ఫ్లోరిడా వేసిన దావాలో 2021లో సుప్రీంకోర్టు జార్జియా పక్షాన తీర్పిచ్చింది. కృష్ణ నీళ్ళ తగువులు వింటూ పెరిగినవాడికి ఇందులో వింతేముంది? ఆ రోజునించి మా బావమరిది "మన సొంత రేవు" అనడం తగ్గించి, "రేవు" అంటున్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనకు డాక్ లు లేకపోవచ్చుగాని ఇంటింటా సంపు ఉంది, సంపులో మోటారు ఉంది. పండగ ముందు సంపు కడుగుదామని పనివాణ్ణో, పిల్లవాణ్ణో అందులోకి దింపుతాం. మోటారు ఆపేశాంగదా అని మనం ధైర్యంగా ఉంటాం. స్విచ్చి ఆపితే చాలదు. ప్లగ్గు పీకి మీ చేత్తో పట్టుకోండి. పీకడానికి వీల్లేకపోతే మెయిన్ ఆపి అక్కడే నిలబడండి. మీటరు పక్కన లీకుకి తెగే స్విచ్చి, అదే ముప్ఫై మిల్లీ ఆంపియర్లది, ఉందో లేదో ఇవాళే చూడండి. ఉంటే, దానిమీద పరీక్షకని ఒక చిన్న బొత్తాం ఉంటుంది, నెలకోసారి నొక్కండి. నొక్కగానే కరెంటు పోతే ఆ స్విచ్చి బతికి ఉన్నట్టు.

మా కాలేజీలో పిల్లలు ఎంత అల్లరి చేసినా భరిస్తానుగాని, మా ఇంట్లో సంపు కడిగేరోజు మాత్రం నేను కదలను. ఫ్యూజులు జేబులో వేసుకుని గట్టున కూచుంటాను. "అచ్చం మామగారిలాగే తయారయ్యారు" అని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీండి.