ఆవకాయకు అనుమతి లేదు

విశాఖ రేవులో ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల సరుకు లెక్కలు రాసి రిటైరైన గుమాస్తాగారికి సొంత పెట్టె సర్దుకోవడం మాత్రం చేతకాలేదు. 2022 జూన్‌లో చెన్నై నుంచి వచ్చిన ‘ఎంప్రెస్’ విహార నౌకలో దంపతులు బయల్దేరాలి. ఇస్త్రీపెట్టె, ఆవకాయ సీసా తీసేయక తప్పలేదు. అగ్నిప్రమాదం భయంతో మొదటిదాన్ని, బయటి తిండి కాబట్టి రెండోదాన్ని ఓడలోకి రానివ్వరు. (రెండో నిబంధన రాసినవాడు తెలుగువాడై ఉండడు.)

అసలు పొరపాటు ఆఖరి నిమిషంలో బయటపడింది. భార్య ఇన్సులిన్ పెద్ద సూట్‌కేసులో ఉంది. రేవులో అప్పగించిన సామాను గదికి చేరేసరికి గంటలు పట్టొచ్చు. ఆమె ఇంజెక్షన్ భోజనానికి ముందే పడాలి. ఆయన పెట్టె మొత్తం విప్పి మందులు చేతిసంచిలోకి మార్చారు. అడుగున, పుదుచ్చేరి బీచ్‌లో కట్టుకోవాలని ఆమె కొన్న నేత చీర.

తీరా కేసినో వివాదంతో అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వక ఓడ పుదుచ్చేరిలో ఆగనేలేదు. చీర మడత విప్పకుండానే ఇంటికి తిరిగొచ్చింది.