32 అనుకుని వెళ్లాం, 27 తెచ్చుకున్నాం



"గేమింగ్‌కి పెద్ద మానిటర్ కొనాలి, ఎన్ని అంగుళాలది తీసుకోవాలి?" అని గ్రూపులో చాలామంది అడుగుతున్నారు. మేం నలుగురం ఒకే రూములో ఉంటాం. పోయినేడాది కలిసి ఒకటి కొన్నాం. ఎలా ఎంచుకున్నామో, ఎక్కడ బోల్తా పడబోయామో రాస్తున్నాం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా బడ్జెట్ 22 వేలు. వాటాలు నలుగురికీ సమానమే గానీ ఆ డబ్బు వచ్చిన దారులు వేరు. ఇద్దరివి రాత్రిళ్లు పార్సిళ్లు తిప్పిన డబ్బులు. ఒకరిది పిల్లలకు ట్యూషన్ చెప్పిన డబ్బు. ఇంకొకరిది ఎండాకాలం ఊరెళ్లి అమ్మానాన్నలతో తునికాకు కోసి కట్టలు కట్టిన డబ్బు. ఇళ్లల్లో మాత్రం అందరం "చదువుకోవడానికి స్క్రీన్" అనే చెప్పాం. అది సగం నిజం. మిగతా సగం సంగతి చివర్లో చెప్తాం.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పోయాం. ఒక షాపులో 32 అంగుళాల వంపు స్క్రీన్ చూపించారు, 165 హెర్ట్జ్, ధర 19,500. కళ్లు చెదిరాయి. పక్కనే 27 అంగుళాలది, 21,500. చిన్నదానికి ఎక్కువ ధరేంటి అని నవ్వుకున్నాం కూడా. పెద్దదానికి డబ్బు కట్టేయబోతుంటే మాలో ఒకడు "ఒక్కరోజు ఆగుదాం రా" అన్నాడు. ఆ మాట వినడమే మేం చేసిన మంచి పని.

రూముకొచ్చి లెక్కలేశాం. ఆ 32 అంగుళాలది ఫుల్ హెచ్‌డీ, అంటే అడ్డం 1920, నిలువు 1080 చుక్కలు. మొత్తం 20 లక్షల 73 వేలు. 27 అంగుళాలది 2560 బై 1440, అంటే 36 లక్షల 86 వేల చుక్కలు. అదే పిండితో పెద్ద రొట్టె తడితే పలచబడుతుంది కదా, ఇదీ అంతే. పెద్దదానిలో అంగుళానికి దాదాపు 69 చుక్కలే పడతాయి, 27 దానిలో 109. మేం అప్పటిదాకా వాడిన 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ పాతదానిలోనే 92 ఉన్నాయి. అంటే 19,500 పెట్టి పాతదానికన్నా మసకబారిన బొమ్మ కొనుక్కునేవాళ్లం. దూరంగా నిలబడి చూస్తే ఇది తెలీదు. షాపులో మేం నిలబడింది దూరంగానే.

తర్వాత ఒక పాత అట్టపెట్టె తీసుకుని రెండు కొలతలకూ ముక్కలు కోశాం. అంగుళాలు మూల నుంచి మూలకు కొలుస్తారు కాబట్టి 32 అంటే వెడల్పు దాదాపు 71 సెంటీమీటర్లు, ఎత్తు 40. 27 అంటే వెడల్పు 60, ఎత్తు 34 వస్తుంది. ఒక్కో అట్టా టేబుల్ మీద నిలబెట్టి ముందు కూర్చున్నాం. మా టేబుల్ లోతు రెండడుగులే. పెద్ద అట్ట ముందు కూర్చుంటే మూలలు చూడటానికి తల తిప్పాల్సి వచ్చింది. వాలరెంట్ లాంటి షూటింగ్ ఆటలో మ్యాప్ ఒక మూల, తూటాల లెక్క ఇంకోవైపు ఉంటాయి. తల తిప్పేలోపు మన పని అయిపోతుంది. చాపమీద కూర్చుని చూసేవాళ్లకు 32 బాగుంటుంది, నిజమే. కానీ ఆడేవాడు కూర్చునేది కుర్చీలో కదా!

మరి 32లోనే ఫోర్‌కే తీసుకోవచ్చు కదా అంటారు. దాని ధర అప్పుడు మా బడ్జెట్‌కి మించిపోయింది. అదీగాక ఫోర్‌కే అంటే 83 లక్షల చుక్కలు, ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు. అన్నిటినీ ప్రతి ఫ్రేముకీ గీయాల్సింది గ్రాఫిక్స్ కార్డే. మా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3060. 1440కి అది సరిపోతుంది. ఫోర్‌కేలో పెద్ద ఆటలు పెడితే దానికి ఆయాసమే. అందుకే ముందు మీ కార్డేంటో చూసుకుని, ఆ తర్వాత స్క్రీన్ గురించి ఆలోచించండి.

ప్యానెల్ విషయం. వీఏ రకంలో నలుపు బాగా నల్లగా ఉంటుంది గానీ చాలావాటిలో చీకటి సీన్లు వేగంగా కదిలితే మరకలా సాగుతుంది. ఐపీఎస్‌లో పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు. ఒకరు ఆడితే ముగ్గురు పక్కనుంచి చూసే రూము మాది కాబట్టి ఐపీఎస్ తీసుకున్నాం. డబ్బా మీద "1 ఎంఎస్" అని చూసి మురిసిపోకండి. దాన్ని కొలిచే పద్ధతులు ఒకటికంటే ఎక్కువ ఉన్నాయి, కంపెనీలు వాటిలో తక్కువ అంకె వచ్చేదే పెద్దక్షరాల్లో వేస్తాయి.

ఇప్పుడు మా పరువు పోయిన సంగతి. 27 తెచ్చి, పాత హెచ్‌డీఎంఐ కేబులే పెట్టి వారం ఆడాం. "165 అన్నారు, తేడా ఏం లేదే" అని ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నాం. రూముకొచ్చిన జూనియర్ తమ్ముడొకడు విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి చూస్తే 60 మీద ఉంది! డబ్బాలో డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా అలాగే ఉంది. అది పెట్టి 165కి మార్చాం. 60లో ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలబడుతుంది, 165లో 6 మాత్రమే. మౌస్ కదిపిన మొదటి క్షణంలోనే తేడా తెలిసిపోయింది. కొన్నవాళ్లు ఈరోజే మీ సెట్టింగ్ చూసుకోండి.

ఇక మిగిలిన సగం. మొన్న తునికాకు వాటా ఇచ్చినవాడి నాన్న ఆసుపత్రి పని మీద వచ్చి మా రూములో ఉన్నాడు. స్క్రీన్ చూసి "దీంట్లోనేనా చదివేది?" అన్నాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత "చదువుతాం బాబాయ్, ఆడతాం కూడా. ఎక్కువ ఆటే" అని నిజం చెప్పేశాం. ఎంతయ్యిందని అడిగాడు. చెప్పాం. ఆయన మనసులో ఎన్ని కట్టలని లెక్కేసుకుంటున్నాడో మాకు తెలుసు, ఎందుకంటే మేమూ అలాగే లెక్కేసుకున్నాం. తిట్టలేదు. "ఆడేది ఏదో నాకూ చూపించు" అని చాపమీద కూర్చున్నాడు. గంటసేపు చూశాడు. మావాడు చచ్చిపోయిన ప్రతిసారీ నవ్వాడు.

ఆట మీద ఖర్చు పెట్టడం తప్పు అని మేం అనం. మనవాళ్లకూ ఆడుకోవాలని ఉంటుంది. కానీ ఆ డబ్బు కట్టల్లో లెక్కేసేవాళ్ల ఇంటి నుంచి వచ్చింది కాబట్టి, చూపు కోసం ఒక్క అంగుళం కూడా ఎక్కువ కొనొద్దు. ఇంట్లో అబద్ధం కూడా చెప్పొద్దు.

ఆ రెండు అట్టముక్కలు ఇంకా మా మంచం కిందే ఉన్నాయి. హైదరాబాద్‌లో కొనేవాళ్లు ముందు మా రూముకి రండి, ముందు కూర్చుని చూసుకోండి. ఆదివారమైతే షాపుకి తోడు కూడా వస్తాం.