‘ఏ కంపెనీది?’

అమ్మకానికి వచ్చిన వాద్యమును చేతబట్టకమునుపే, తీగె నొక్కమారైనను మీటకమునుపే, దాని శిరోభాగమున అంటించిన అక్షరములను మాత్రము చూచి “ఏ కంపెనీదండీ? ఒరిజినలేనా?” యని యడుగువారిని కన్నప్పుడు నాకు కలుగు చిరాకు ఇంతంత యనరానిది. 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి మాదాపూర్ ప్రాంతమునకు ఉద్యోగార్థమై దేశము నలుమూలలనుండి వచ్చి చేరిన యువకులు, జీతము పెరిగినప్పుడొక గిటారు కొనుచు, వీసా చేతికందినప్పుడు దానిని వదిలించుకొనుచు వచ్చుటచేత, కొండాపూర్ మొదలు గచ్చిబౌలి వరకు గల అపార్టుమెంట్లలో పాత వాద్యములు చేతులు మారుట నిత్యకృత్యమైనది. అట్లు మారునప్పుడు ఒకరు పికప్ మార్తురు, మరియొకరు నెక్ మార్తురు, ఇంకొకరు నాబులు మార్తురు. కడకు మిగులునది ఏ యొక్క కర్మాగారమునకును చెందని బేస్ గిటారు. దానిని జనులు “డూప్లికేట్” అను నొక్కమాటతో త్రోసివేయుదురు.

గిటారుల నిర్మాత లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అను బేస్ గిటారును విపణికి తెచ్చినప్పుడు నెక్‌ను బాడీకి జిగురుతో అతికింపక నాలుగు స్క్రూలతో బిగించెను. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కును అదే పద్ధతి, అదే 34 అంగుళముల తీగెపొడవు. అందుచేత ఒకదాని నెక్ మరియొకదాని గూటిలో చక్కగా కూర్చుండును. విప్పుటకు, మార్చుటకు, మరల బిగించుటకు వీలుగా పుట్టిన వస్తువును విప్పి మార్చినందుకు నిందించుట యెట్టి న్యాయము?

ఇటీవల కొండాపూర్‌లో, డాలస్ ప్రయాణమునకై పెట్టెలు సర్దుకొనుచున్న యొక యువకుడు “అంకుల్, జాజ్ బేసే ఇది. ఎంత వస్తుందో కాస్త చూసి చెప్పండి” అని యొక వాద్యమును నా యొడిలో నుంచెను. బాడీ ఆకారము జాజ్ బేస్‌దే. కాని తీగెలు శిరోభాగము దాటివచ్చు నట్ వద్ద కొలువగా వెడల్పు 41 మిల్లీమీటర్లు. జాజ్ బేస్ నెక్ అచ్చట 38 మిల్లీమీటర్లకే సన్నబడును గనుక, ఇది ప్రెసిషన్ జాతి నెక్ అని తేలినది. తీగెలు వదులుచేసి నాలుగు స్క్రూలను విప్పగా, పాత రంధ్రములను కర్రపుల్లలతో పూడ్చి వాటి ప్రక్కనే క్రొత్తవి తొలిచిన గుర్తులును, నెక్ వాలు సవరించుటకై గూటిలో నుంచిన విజిటింగ్ కార్డు ముక్కయు కనబడినవి. నాబులలో ఒకటి బిగువుగా నుండి, మరియొకటి వదులుగా తిరుగుచుండెను: అమెరికా తరహా పాట్ (నాబు త్రిప్పు లోపలి పొటెన్షియోమీటర్) కడ్డీకి సన్నని గాట్లు 24, ఆసియా తరహా దానికి 18, ఒకదాని నాబు వేరొకదానికి సరిపడదు. లోపల ఒక పాట్ వీపున 1370312 అను అంకెలుండెను. అందు 137 తయారీదారైన సీటీఎస్ గుర్తు, 03 సంవత్సరము, 12 ఆ సంవత్సరములోని వారము. ఈ అంకెలను చూచి గిటారే 2003 నాటిదని తీర్పు చెప్పువారు కలరు. పాట్ పుట్టక మునుపు అది యీ రూపమున లేదని మాత్రమే ఆ అంకెలు సాక్ష్యమిచ్చును, అదియు సోల్డర్‌ను ఎవ్వరును కదల్పకున్నప్పుడే; ఇచ్చటనో సోల్డర్ ముద్దలు ముద్దలుగా నుండెను. పికప్‌లు రెండును మల్టీమీటర్‌పై 7 కిలో ఓములకు పైగా చూపినవి గనుక లోపలి చుట్టు తెగలేదని మాత్రము ధైర్యము చిక్కినది.

వెలకట్టుటలో నాది కంసాలి పద్ధతి. పాతనగ రాళ్లను వేరుచేసి, బంగారమును తూచి, తరుగు తీసివేసినట్లు, నెక్‌కు ఇంత, బాడీకి ఇంత, పికప్‌లకు ఇంత అని విడివిడిగా వెలలు వేసి కూడి, పిదప తరుగు తీయవలెను. ఏలయన కూర్చిన వాద్యమునకు విడిభాగముల మొత్తము ధర పలుకదు. విప్పి అమ్మినచో ఎక్కువ సొమ్ము వచ్చునని ఆ యువకునకు చెప్పితిని, విప్పవద్దనియు చెప్పితిని. దానిని కూర్చినవాడెవడో గాని పనివాడు. నెక్ ప్రక్కలకును గూటి గోడలకును నడుమ కాగితపు అంచైనను దూరదు. పన్నెండవ ఫ్రెట్‌పై నొక్కిన స్వరము ఖాళీతీగెకు పైస్థాయి షడ్జమమై నిక్కచ్చిగా నిలిచినది. ఈ మజూరి నెవ్వరు కట్టుదురు? నేను పాతికవేలంటిని. చూడవచ్చిన బేరగాడు మీటకయే పదునెనిమిదివేలనెను.

ఒకరు విడిచినదానికి వేరొకరు అతుకువేయుట మన సాహిత్యమునకు క్రొత్త కాదు: తెలుగు భారతమున నన్నయ ఆరణ్యపర్వమును నడుమ విడిచిపోయెను. తిక్కన విరాటపర్వము మొదలుకొని భారతమును ముగించెను. ఆరణ్యపర్వమున మిగిలిన భాగమును తరువాతి కాలమున ఎఱ్ఱన పూరించి, నన్నయవలె ఆరంభించి తిక్కనవలె ముగించెనని విమర్శకులచే కొనియాడబడెను. అతుకు నేర్పునకు ఇంత గౌరవమిచ్చిన జాతి, గిటారు దగ్గరకు వచ్చునప్పటికి కంపెనీ పేరడుగుట నాకు కష్టముగా నున్నది.

అసలు బేస్‌ను వినుటయే మనమింకను నేర్వవలసియున్నది. దాని లావుపాటి తీగె మంద్రస్వరము సెకనుకు 41 కంపనములది. మా యింటి ట్రాన్సిస్టరులోని అరచేతిపాటి స్పీకరుకు అది అందదు. 1989లో వచ్చిన ‘గీతాంజలి’ చిత్రమునకు ఇళయరాజా కూర్చిన పాటలను మేము ఆ ట్రాన్సిస్టరులోనే విని కంఠస్థము చేసితిమి. ఏండ్లు గడచి మంచి హెడ్‌ఫోన్లు చెవుల కమరినప్పుడు గదా, ఇళయరాజా పాటలలో పల్లవి క్రింద సాగు బేస్ గమనము, ఒకచో గాయకుని కెదురేగుచు, ఒకచో చరణమునకు ముందే మలుపు తిరుగుచు, తానొక రెండవ పాటయై నడచుట తెలియవచ్చినది! ఇళయరాజా వాద్యబృందమున చిరకాలము బేస్ వాయించిన శశిధరన్ పేరు మా యింటనున్న యే క్యాసెట్ అట్టమీదను నేను చూడలేదు. రహమాన్ తన వాద్యకారుల పేర్లు అచ్చు వేయించుటచేతనే కీత్ పీటర్స్ బేస్ వాయించెనని మావంటివారికి తెలిసినది. పాత పాటలను మరల విడుదల చేయువారు ఇప్పటికైనను ఒక్కొక్క పాట ప్రక్కన బేస్ వాయించినవాని పేరు వేయవలెను. ఎవరే పాటకు వాయించిరో ఎరిగిన స్టూడియో మనుష్యులు మన నడుమ నుండగానే ఆ పని జరుగవలెను.