రెండవ సంతకం

ఆసుపత్రి ఐసీయూలో రెండు తాళాల బీరువా ఒకటి ఉంటుంది. మార్ఫిన్, ఫెంటనిల్ వంటి తీవ్రమైన నొప్పి నివారణ మందులను అందులో భద్రపరుస్తారు. పక్కనే ఒక రిజిస్టరు ఉంటుంది. ఫెంటనిల్ సాధారణంగా చిన్న గాజు ఆంప్యూల్‌లో వస్తుంది. 2 మిల్లీలీటర్ల ద్రవంలో 100 మైక్రోగ్రాముల మందు. వైద్యుడు 50 మైక్రోగ్రాములే వ్రాసినప్పుడు సగం రోగికి వెళుతుంది. మిగిలిన సగాన్ని మరొక నర్సు కళ్ళెదుట పారబోయాలి. పారబోసినవారిది ఒక సంతకం, చూచినవారిది రెండవ సంతకం. ఖాళీ ఆంప్యూల్ లెక్క కొరకు ఫార్మసీకి తిరిగి చేరాలి.

మదరసాలో ఫిఖ్‌హ్ బోధించుకునే మాకు ఈ వివరాలు తెలియవలసిన అవసరం మొన్నమొన్నటి వరకు కలుగలేదు. చిన్ననాట మా వద్ద నాజిరా ఖుర్ఆన్ చదివిన ఒక అమ్మాయి నర్సింగ్ పూర్తి చేసి, సమీప నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్ళుగా పనిచేస్తున్నది. గత సంవత్సరం షాబాన్ నెలలో ఆమెకు, ఆమెతో రాత్రి డ్యూటీలు చేసే ఒక సీనియర్ సిస్టర్‌కు కలిపి షోకాజ్ నోటీసులు వచ్చాయి. మూడు నెలల రిజిస్టరులో పారబోసినట్లు వ్రాసిన మందు అసాధారణంగా ఎక్కువగా ఉన్నదనీ, 11 చోట్ల ఆ వ్రాత రోగి కేస్ షీటుతో సరిపోలడం లేదనీ, మందు పక్కదారి పట్టినట్లు అనుమానిస్తున్నామనీ వాటి సారాంశం. విచారణ ముగిసే వరకు ఇద్దరూ సస్పెన్షన్‌లో ఉండాలి.

సస్పెన్షన్ అంటే శిక్ష కాదు. విచారణ సజావుగా సాగడానికి మనిషిని కొంతకాలం పని నుండి దూరంగా ఉంచడం. కాని మా ఊరిలో ఆ మాటకు ఉన్న అర్థం ఒక్కటే. జుమా నాటికి "మందులు దొంగిలించి అమ్ముకున్నదట" అన్నారు. మరుసటి జుమాకు "పోలీసులు తీసుకువెళ్ళారట" అన్నారు. పోలీసులు ఎవరినీ తీసుకువెళ్ళలేదు. అమ్మాయి ఇంట్లోనే ఉన్నది, తల్లితో కూడా మాట్లాడకుండా. సీనియర్ సిస్టర్ పేరు మా ఊరిలో ఒక్కరూ ఎత్తలేదు, ఆమె మన ఊరి మనిషి కాదు గనుక.

ఇక్కడ దొంగతనం అనే పదం గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. హనఫీ ఫిఖ్‌హ్‌లో సరిఖా వేరు, ఖియానత్ వేరు. భద్రపరచిన చోటి నుండి పరాయివాడు రహస్యంగా తీసుకుపోవడం సరిఖా. నమ్మి అప్పగించినవాడు ఆ నమ్మకాన్నే వాడుకుని తీసుకోవడం ఖియానత్. హిదాయా పాఠంలో ఖియానత్ చేసినవానికి దొంగతనపు హద్దు శిక్ష లేదని చదివినప్పుడల్లా విద్యార్థులు తేలికగా ఊపిరి పీల్చుకుంటారు, అది చిన్న నేరమన్నట్లు. హద్దు లేనంత మాత్రాన పాపం తగ్గదని ప్రతి ఏటా చెబుతూనే ఉంటాము. బీరువా తాళం చెవి ఎవరి చేతిలో ఉన్నదో వారినుండి బీరువాను కాపాడడానికి మూడవ తాళం ఉండదు. ఉన్నది రెండవ సంతకం మాత్రమే.

నోటీసు వచ్చిన పది రోజులకు మా మహల్లా పెద్దలు కొందరు ఒక వినతిపత్రం తయారుచేసి మా వద్దకు తెచ్చారు. అమ్మాయి స్కార్ఫ్ ధరిస్తుంది గనుకనే ఆమెను లక్ష్యంగా చేసుకున్నారని అందులో వ్రాసి ఉన్నది. "మౌలానా సాబ్, ముందు మీ సంతకం ఉంటే బరువుగా ఉంటుంది" అన్నారు. ఆ ఆసుపత్రిలో స్కార్ఫ్ విషయమై ఇదివరకు ఎప్పుడైనా ఆమెకు ఇబ్బంది కలిగిందా అని అడిగాము. ఎవరికీ తెలియదు. అమ్మాయిని అడిగారా అంటే అడగలేదు. అలాంటి అన్యాయాలు లోకంలో జరగవని మేము అనడం లేదు. జరుగుతాయి. జరిగినచోట నిలబడి మాట్లాడవలసిందే. కాని ఇక్కడ జరిగినట్లు సాక్ష్యం లేకుండా వ్రాసి ఇస్తే మన మాటకు రేపు విలువ ఉండదు.

ఆ పెద్దలకు సూరా నిసా 105వ ఆయత్ నుండి మొదలయ్యే భాగపు నేపథ్యాన్ని గుర్తుచేశాము. తఫ్సీర్ గ్రంథాలలోని ఒక ఉల్లేఖనం ప్రకారం మదీనాలో తుఅమా బిన్ ఉబైరిఖ్ అనే వ్యక్తి ఒక అన్సారీ కవచాన్ని పిండి సంచిలో దాచి ఎత్తుకుపోయాడు. సంచి చినిగి దారి పొడవునా పిండి రాలింది. దొరికిపోతాననిపించి కవచాన్ని ఒక యూదుని ఇంట చేర్చి, నిందను అతనిపై వేశాడు. తుఅమా వంశీయులు బనూ జఫర్ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి మనవాడి పక్షాన మాట్లాడమని కోరారు. ఖియానత్ చేసేవారి పక్షాన వాదించవద్దని దివ్యవాణి అవతరించింది. యూదుడు నిర్దోషిగా తేలాడు. ముస్లింల బలగం అంతా ఒకవైపు, ఒంటరి యూదుడు మరొకవైపు ఉన్న రోజున ఆయతులు దిగివచ్చింది ఎవరి కొరకో గమనించమన్నాము. ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. మిగిలినవారు కూర్చున్నారు.

అప్పుడు వేరొక ఉత్తరం వ్రాశాము. అందులో మతం ప్రసక్తి లేదు, ఆమె మంచిదనే సాక్ష్యం కూడా లేదు. ఆరోపణకు ఆధారమైన రిజిస్టరు పుటల నకళ్ళు ఆమెకు ఇవ్వాలి. జవాబు వ్రాసుకోవడానికి తగిన గడువు ఇవ్వాలి. ఆమె ఎదుటనే సాక్షులను ప్రశ్నించాలి. ఆమె కోరుకున్న సహోద్యోగి ఒకరిని వెంట కూర్చోనివ్వాలి. ఇంతే. నిరూపణ భారం ఆరోపించినవారిదేనని షరీఅత్ చెబుతుంది, దేశంలో అమలులో ఉన్న సహజ న్యాయ సూత్రాలూ ఆ దిశగానే ఉన్నాయి. ఈ ఉత్తరం మీద సంతకం చేసినవారు ముగ్గురే. దానిలో ఆవేశం లేదని కొందరికి నచ్చలేదు.

ఈలోగా ఆమెకు కుదిరిన సంబంధం కదిలిపోయింది. వరుని మేనమామ మా వద్దకు వచ్చి, "హజ్రత్, మీరు దాచకుండా చెప్పండి" అన్నాడు. వివాహ విషయంలో సలహా కోరినవారికి తెలిసిన లోపాన్ని చెప్పడం గీబత్ కాదని ఉలమా అనుమతించారు. అయితే ఆ అనుమతి తెలిసినదానికే. మాకు తెలిసినది నోటీసు వచ్చిందన్న సంగతి ఒక్కటే, అది ఆయనకూ తెలుసు. విచారణ ముగిసే వరకు ఆగమన్నాము. వారు ఆగలేదు. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం. ఆగలేనివారి ఇంటికి కోడలిగా వెళ్ళకపోవడం ఆమెకు నష్టమని మేము అనుకోము.

తరువాత ఒకనాడు అమ్మాయి తండ్రితో కలిసి వచ్చింది. నకళ్ళు వెంట తెచ్చుకున్నది. ఆ 11 వ్రాతలలో మందు తీసినట్లు, పారబోసినట్లు ఉన్న మొదటి సంతకాలన్నీ సీనియర్ సిస్టర్‌వే. రెండవ సంతకాలలో నాలుగు ఈమెవి.

"పారబోయడం నువ్వు చూచావా బేటీ?" అని అడిగాము.

చాలాసేపు మాట్లాడలేదు. "చూడలేదు హజ్రత్. రాత్రి రెండింటికి పది మంది పేషెంట్లు ఉంటారు. ఒకరికి ఊపిరి ఆడదు, ఒకరికి బీపీ పడిపోతుంది. అక్క రిజిస్టరు తెచ్చి ఇక్కడ సంతకం పెట్టమ్మా అంటే పెట్టేశాను. పని నేర్పింది అక్కే. అందరమూ అలాగే పెడతాము."

అందరూ అలాగే పెడతారన్నది అబద్ధం కాదు. తీరిక లేని వార్డులలో రెండవ సంతకం తరచుగా ఒక మర్యాదగా మారిపోతుందని ఆ వృత్తిలోని ఇతరులూ మాతో చెప్పారు. కాని సంతకం అంటే షహాదత్. చూచాను అని ఇచ్చే సాక్ష్యం. నికాహ్‌నామాపై సాక్షిగా సంతకం చేసేవాడు ఈజాబ్, ఖబూల్ వినకుండా చేస్తే మనం ఒప్పుకుంటామా? ఆమె మందు తీయలేదని మాకు నమ్మకం కుదిరింది. ఆమె నిర్దోషి అనే మాట మాత్రం మా నోట రాలేదు. విచారణలో ఉన్నది ఉన్నట్లు చెప్పమన్నాము. తండ్రికి ఆ సలహా రుచించలేదు. "చూశానని చెబితే బిడ్డ బయటపడుతుంది కదా హజ్రత్" అన్నాడు. చూశానని చెబితే ఆ మందు నిజంగానే పారబోసినట్లు అవుతుంది, అప్పుడు ఎవరి తప్పూ లేనట్లే అవుతుంది, అదే కావాలా అని అడిగాము.

ఆయన మరొక మాట కూడా అన్నాడు. అది మా ఊరిలో చాలామంది అన్నదే. "ఎలాగూ పారబోసేదే కదా. ఎవరికి నష్టం?"

ఇన్ని వారాలలో ఆ ప్రశ్న అడిగినవారు ఉన్నారు గాని జవాబు వెదికినవారు లేరు. అమ్మాయి ఉద్యోగం, పెళ్ళి, మహల్లా పరువు, ఆసుపత్రి పేరు, అన్నీ మా ముందుకు వచ్చాయి. మంచం మీద పడుకున్న మనిషి మాత్రం ఎవరి మాటలోకీ రాలేదు. మిగిలినది తీసుకునే చేయి మిగిలినదానితో ఆగదు. ఈ మందులకు శరీరం అలవాటు పడేకొద్దీ మోతాదు పెరుగుతూ పోతుంది. మొదట పారబోయవలసిన సగం, తరువాత రోగికి వెళ్ళవలసిన సగంలో కొంత, చివరకు రోగికి ఉప్పునీరు. ఐసీయూలో ఊపిరి గొట్టం అమర్చిన మనిషి నోరు తెరచి నొప్పి అని చెప్పలేడు. గుండె వేగం పెరుగుతుంది, కంటి కొన నుండి నీరు కారుతుంది, అంతే. హుఖూఖుల్ ఇబాద్‌లో ఇంతకంటే నిస్సహాయుడైన హక్కుదారు ఎవరుంటారు?

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రపు ఎక్సెటర్ ఆసుపత్రిలో 2012లో బయటపడిన ఉదంతం ఆ వృత్తిలోనివారికి తెలిసినదే. అక్కడి నిందితుడు నర్సు కాదు, గుండె చికిత్స విభాగంలో టెక్నీషియన్. ఫెంటనిల్ సిరంజీలను దొంగిలించి తనకు తాను ఎక్కించుకుని, ఆ సిరంజీలనే సెలైన్‌తో నింపి తిరిగి పెట్టేవాడు. అతనికి హెపటైటిస్ సి ఉన్నది. ఆ ఒక్క ఆసుపత్రిలోనే ముప్పై మందికి పైగా రోగులకు అది సోకింది. 2013 డిసెంబరులో అతనికి 39 సంవత్సరాల జైలుశిక్ష పడింది. అంతకుముందు వేరే రాష్ట్రాల ఆసుపత్రులలోనూ అతనిపై ఇటువంటి అనుమానాలే వచ్చాయి. ఉద్యోగం పోయింది, మరొక ఊరిలో మరొక ఉద్యోగం దొరికింది. పరువు పోకుండా సర్దుకుందామన్న ప్రతి ఆసుపత్రీ అతనిని తరువాతి ఆసుపత్రి మంచాల వద్దకు పంపింది.

మన దేశంలో నష్టం మరొక దారిలోనూ ఉన్నది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టపు కఠిన నిబంధనలకు జడిసి ఎన్నో ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానుకున్నాయి. కాన్సర్ రోగులు ఇళ్ళలో అరుస్తూ మరణించారు. ఆ బాధ చూచి 2014లో చట్టాన్ని సవరించి, అత్యవసర నార్కోటిక్ ఔషధాలు రోగులకు అందే దారిని సులభం చేశారు. ఒక బీరువాలో లెక్క తప్పినప్పుడల్లా ఆ పాత భయం తిరిగి వస్తుంది.

విచారణ రెండవ రోజున అమ్మాయి ఉన్నది ఉన్నట్లు చెప్పింది. ఆ సాయంత్రం సీనియర్ సిస్టర్ ఒప్పుకున్నది. నడుము నొప్పితో మొదలైందట. మందు అమ్మలేదు, తానే వాడుకున్నది. ఆసుపత్రివారు ఆమెను ఉద్యోగం నుండి తొలగించి, సంగతి నర్సింగ్ కౌన్సిల్‌కు వ్రాశారు. అలా వ్రాయడం సబబని మా అభిప్రాయం. తప్పును కప్పి ఉంచడం మన ధర్మంలో గొప్ప గుణమే. కాని కప్పిన దుప్పటి కింద మరొకరు నలుగుతున్నప్పుడు దానిని సత్‌ర్ అనరు. ఆమె భర్త ఆమెను వ్యసన విముక్తి చికిత్సకు చేర్చాడని విన్నాము. స్వల్ప పరిమాణపు నేరాలలో స్వచ్ఛందంగా చికిత్సకు వెళ్ళే వ్యసనపరులకు ఆ చట్టమే 64ఏ సెక్షనులో ప్రాసిక్యూషన్ నుండి రక్షణ చూపిందని, చికిత్స మధ్యలో విడిచిపెడితే ఆ రక్షణ తొలగిపోవచ్చునని ఒక న్యాయవాది మిత్రుడు వివరించాడు. ఆమె కొరకు కూడా దుఆ చేయమని మా విద్యార్థులకు చెప్పాము.

మన అమ్మాయికి లిఖితపూర్వక హెచ్చరిక, ఒక ఇంక్రిమెంటు నిలుపుదల, ఆరు నెలలు ఐసీయూ నుండి బదిలీ. మహల్లాలో మిఠాయి పంచుదామన్నారు. వద్దన్నాము. నింద తొలగినందుకు షుక్ర్ చేయాలి, శిక్ష పడినందుకు మిఠాయి ఎందుకు? శిక్ష న్యాయమైనదే. ఆమె కూడా అదే అన్నది.

డ్యూటీలో తిరిగి చేరే ముందు ఆమె ఒక మసాయిల్ ప్రశ్న అడగడానికి వచ్చింది. తాను చూడకుండా సంతకం చేసిన ఆ నాలుగు రాత్రులలో రోగులకు మందు పూర్తిగా అందిందో లేదో విచారణలో తేలలేదు. హక్కు ఎవరిదో వారినే క్షమాపణ కోరాలని చిన్నప్పుడు మీరే నేర్పారు, వారెక్కడున్నారో తెలియదు, ఏం చేయాలి అని. హక్కుదారు జాడ దొరకనప్పుడు వారి పక్షాన సదఖా ఇచ్చి, వారి కొరకు దుఆ చేస్తూ ఉండమన్నాము. ఎవరైనా ఎదురుపడితే నేరుగా క్షమాపణ అడగడం ఆమెపై వాజిబుగా మిగిలే ఉంటుందని కూడా చెప్పాము.

"పేర్లు గుర్తు లేవు హజ్రత్" అన్నది. "మూడో నంబరు బెడ్, ఏడో నంబరు, మళ్ళీ ఏడో నంబరు, తొమ్మిది. అలాగే దుఆ చేస్తున్నాను."