ఐదున్నర గంటలు

మా అయ్య ముట్టని తోలు లేదు. ఆరె, రంపె పట్టి ఊరందరి కాళ్ళకూ చెప్పులు కుట్టినోడు. లందల నానిన తోలు వాసన, తంగేడు చెక్క వాసన మా గుడిసెను ఎన్నడూ విడవలేదు. ఆయన కొడుకును నేను, ఏ వస్తువునూ ముట్టకుండా జీతం తీసుకుంటున్నాను. 2016 నుంచి హైదరాబాదులో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునే పని. ఆ సర్వర్లుండేది నగరం అవతల. నేనుండేది ఇక్కడ, నల్లటి తెర ముందు.

ఈ పని సంగతి కొంచెం చెప్పాలె. ఛాసిస్ అంటే సర్వర్ ఒళ్ళు. ఇనుప పెట్టె, లోపల ఫ్యాన్లు, పవర్ సప్లైలు. మదర్‌బోర్డు మీద బీఎంసీ అని ఒక చిన్న చిప్పు ఉంటది. సర్వర్ ఆగిపోయినా అది స్టాండ్‌బై కరెంటు మీద మేలుకునే ఉంటది. దానితో మాట్లాడే పద్ధతి ఐపీఎంఐ. 1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ కలిసి తెచ్చినయి. మేము వాడేది ఐపీఎంఐటూల్. ఛాసిస్ స్టేటస్ అని కొడితే పెట్టె క్షేమసమాచారం చెప్తది. ఛాసిస్ ఐడెంటిఫై అని కొడితే పెట్టె ముందు దీపం పదిహేను సెకన్లు వెలుగుతది, అక్కడున్న టెక్నీషియన్ గుర్తుపట్టడానికి. పవర్ ఆఫ్ అని కొట్టినమా, అంతే. నిజంగానా అని అడగదు.

2019లో ఒక రాత్రి ఆ దీపం వెలిగించినందుకే నా మీద పడ్డది. రెండు గంటలప్పుడు ఒక సర్వర్‌కు ఐడెంటిఫై కొట్టిన. 2:11కి దాని పక్క సర్వర్ ఆగిపోయింది. పొద్దున మేనేజర్ అందరి ముందు అన్నాడు: "ఐడెంటిఫై బదులు పవర్ ఆఫ్ కొట్టి ఉంటావు. కోటా మీద సీట్లొస్తే ఇట్లనే ఉంటది."

ప్రైవేటు కంపెనీలో కోటా ఎక్కడిది? నన్ను పరీక్ష పెట్టి తీసుకున్నది వీళ్ళే. అయినా ఆ మాట నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చేరిన మొదటి వారమే ఇంటిపేరు అడిగి తెలుసుకున్న మనిషి ఆయన.

అక్కడే కూర్చొని ఛాసిస్ స్టేటస్ కొట్టిన. మెయిన్ పవర్ ఫాల్ట్: ట్రూ. లాస్ట్ పవర్ ఈవెంట్: ఫాల్ట్. తర్వాత సెల్ లిస్ట్. సెల్ అంటే ఆ చిప్పు రాసుకునే చిట్టా. మూడు రోజుల కింద ఒకటో పవర్ సప్లై ఫెయిల్. దాని గురించి నేను పంపిన మెయిల్ ఎవరూ చదవలేదు. చివరి లైనులో రెండోది కూడా ఫెయిల్, టైము 20:41.

"సర్వర్ ఆగింది 2:11కి. ఇది 8:41. తారీఖు కూడా ముందురోజుది. దీనికీ దానికీ సంబంధం లేదు" అన్నాడు.

నా చేతులు వణుకుతున్నయి. గొంతు మాత్రం వణకనియ్యలేదు. "సార్, ఆ గడియారం యూటీసీ. మన టైముకు ఐదున్నర గంటలు కలపాలి." ఎవరో ఒకరు వేళ్ళ మీద లెక్కపెట్టిండ్రు. 2:11. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆయన క్షమించమని అనలేదు. నేను ఆశపడలేదని చెప్తే అబద్ధమైతది. "సరే, పవర్ సప్లైలు మార్పించు. ఆ లాగ్ క్లియర్ చేసెయ్" అని లేచిపోయిండు.

సెల్ క్లియర్ కొట్టిన. చిట్టా ఖాళీ అయింది. కానీ మళ్ళీ తెరిస్తే మొదటి లైను ఒకటి ఉంటది: లాగ్ ఏరియా రీసెట్. తుడిచిన సంగతి కూడా అది రాసుకుంటది.

ఆ సాయంత్రం అయ్యకు ఫోన్ చేసిన.

"గొంతు అట్లున్నదేంది బిడ్డా?"

"ఏం లేదయ్యా. ఒక డబ్బ ఆగిపోతే నన్నన్నరు."

"నువ్వు ముట్టినవా?"

"లేదే. అది ఇక్కడ లేనే లేదు."

"ముట్టకపోయినా అన్నరా!" అని కాసేపు ఊకున్నడు. "తిన్నవా మరి?"

తుడిచేముందు ఆ చిట్టాను ఫైల్లో దాచుకున్న. ఇరవై మూడు లైన్లు. ఇప్పటికీ నా దగ్గరే ఉన్నది.