ఉట్టి - ఛీంకా

పిల్లి శాపాలకు ఉట్లు తెగవని తెలుగు సామెత. పిల్లి అదృష్టం పండి ఛీంకా తెగిందని హిందీ జాతీయము. వస్తువు ఒక్కటే, పిల్లి ఒక్కటే. కాని ఒక భాషలో తాడు గట్టిది, రెండవ భాషలో పిల్లి జాతకం గట్టిది. చిరకాలంగా ఈ రెండు భాషల నడుమ రాకపోకలు సాగిస్తున్న నాకు, రానురాను సామెతలకంటె ఆ తాడు మీదనే మక్కువ ఎక్కువయినది. సంస్కృతంలోని శిక్యము హిందీలో ఛీంకా అయినది, వంగభాషలో శికా అయినది. తెలుగు మాత్రం ఉట్టి అనే తన మాటను విడిచిపెట్టలేదు.

నేనుండే మోప్కా బిలాస్‌పూర్ పట్టణపు అంచున ఉన్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఈ ప్రాంతాన పట్టాలు వేసినది. ఆ రైలు కొలువులను నమ్ముకొని ఉత్తరాంధ్రనుండి వచ్చిన కుటుంబాలు ఖరగ్‌పూర్‌లోను, బిలాస్‌పూర్‌లోను తరతరాలుగా స్థిరపడినవి. 2000లో ఇది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమైనది. 2003లో బిలాస్‌పూర్ ఒక రైల్వే మండలానికి ముఖ్యస్థానమైనది. ఆ తొలితరం స్త్రీలు పెట్టెలలో ఏమి తెచ్చుకొన్నారో లెక్క లేదు గాని, వ్రేళ్ళలో మాత్రం ముళ్ళను తెచ్చుకొన్నారు.

ఉట్టి కట్టుటకు సూది అక్కరలేదు, మగ్గము అక్కరలేదు. పైన ఒక ఉంగరము, దానినుండి వ్రేలాడే గోగునార తాళ్ళు, అడుగున కుండ కూర్చొనుటకు ఒక చుట్ట. నడుమ తాళ్ళను రెండేసి చొప్పున ముడివేస్తే వల ఏర్పడుతుంది. పాలు, పెరుగు పిల్లికీ చీమకూ అందకుండా ఉంటే చాలు. పని అక్కడితో ముగిసినది. అయినా ఆ స్త్రీలు అక్కడ ఆగలేదు. ముడికీ ముడికీ మధ్య ఒక పూస గ్రుచ్చినారు, కొసలను కుచ్చులుగా విడిచినారు. ఆ కుచ్చు కుండను మోయదు, కాని అది లేని ఉట్టి వారి కంటికి బోసిగా కనిపించినది.

ఈ విద్యకు ఆధారమైన ముడి చాల సులభము. నడిమి తాళ్ళు నిలువుగా ఉండగా, ఇరుప్రక్కల తాళ్ళను ఒకసారి ఎడమనుండి, ఒకసారి కుడినుండి మార్చి మార్చి ముడివేస్తే బల్లపరుపైన పట్టీ వస్తుంది. మార్చక ఎప్పుడూ ఒకే ప్రక్కనుండి వేస్తూపోతే పట్టీ తనంతట తానే మెలితిరిగి తీగవలె చుట్టుకొంటుంది. పాశ్చాత్యులు మాక్రమే అనే కళకు ప్రాణము ఈ ముడియే. ఆ మాటకు మూలము అరబ్బీ అని పండితులంటారు. ఓడకళాసులు దీర్ఘయానాలలో ప్రొద్దుపోక దీనిని సాధన చేసి రేవురేవునకు చేరవేసినారు. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు గృహిణులకు ఇది వేడుక అయినది. తరువాత మరుగుపడి, 1970 ప్రాంతంలో మరల వెలుగులోకి వచ్చినది. పెరూ దేశపు ఇంకాలైతే లిపి లేకుండగనే త్రాళ్ళ ముళ్ళతో రాజ్యపు లెక్కలు వ్రాసుకొన్నారు.

మనకును ముడి అలంకారము మాత్రమే కాదు. పెండ్లిలో మూడు ముళ్ళు, జందెమునకు బ్రహ్మముడి, వరలక్ష్మీవ్రతంలో తొమ్మిది ముళ్ళ తోరము. హిందీలో పుట్టినరోజును వర్షగాంఠ్ అంటారు. ఏడాదికొక ముడి అని అర్థము. మాటను గాంఠ్ కట్టుకో అంటే మరువవద్దని. మనసులో గాంఠ్ పడినదంటే పగ మిగిలినదని. తెలుగులోనికి తెచ్చేటప్పుడు మొదటిదానిని పుట్టినరోజు అని వ్రాస్తాను. అర్థము చేరుతుంది, ముడి మాత్రం విడిపోతుంది.

విడిపోయేది మాటలోని ముడి ఒక్కటే కాదు. నరసాపురము లేసు సంగతి చూడండి. అది ముడి కాదు, కొక్కెపు సూదితో దారమును ఉచ్చులుగా లాగే అల్లిక. అయినా వ్రేళ్ళు ఒకటే, కథ ఒకటే. క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఆ పని గోదావరి తీరాన వేలాది స్త్రీల చేతులలో పెరిగి విదేశాలకు ఎగుమతి అయినది. మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు 1982లో ఆ స్త్రీలపై ఒక గ్రంథము ప్రకటించినది. లోకము వారిని కార్మికులుగా లెక్కించలేదనీ, ఇంట కూర్చొని తీరిక వేళ గడుపుకొనే ఇల్లాండ్రుగా చూచినదనీ, అందువలననే కూలి అంత తక్కువ అయినదనీ ఆమె నిరూపించినది. చేతిపని అందమును మెచ్చుకొనే మనము ఆ చేతి కూలిని అడుగుట మరచిపోతాము.

మోప్కాలో ఇప్పుడు పెరుగు ఫ్రిజ్‌లో ఉంటున్నది. వంటింటి దూలానికి ఉట్టి లేదు. మా వీధిలో ఒక కళాశాల విద్యార్థిని ఫోనులో చూచి, తెల్లని నూలుత్రాడుతో పూలకుండీ వ్రేలాడదీసే సంచి అల్లుచుండగా, ఆమె నాయనమ్మ వచ్చి నిలబడినది. "ఇదేటమ్మా, ఉట్టే కదా!" అన్నది. పిల్లకు తెలుగు అంతంతమాత్రమే. వృద్ధురాలికి హిందీ అంతంతమాత్రమే. ఆమె ప్రక్కన కూర్చొని, ఒక ముడి విప్పి, త్రాడును మరొక ప్రక్కనుండి త్రిప్పి బిగించినది. పిల్ల మరల విప్పి, తాను వేసినది. నన్ను అనువదించమని ఇద్దరిలో ఎవరూ అడుగలేదు.

గ్రంథి అన్నా గ్రంథము అన్నా ఒకే ధాతువునుండి పుట్టినవి. తాటాకులను దారమునకు గ్రుచ్చి ముడివేస్తేనే పుస్తకము. కాని పుస్తకము చదువరి వచ్చేవరకు అలమారలో వేచియుండగలదు. ముడికి ఆ ఓపిక లేదు. దానిని ఎరిగిన చేయి బ్రతికి ఉండగానే మరొక చేయి వచ్చి ప్రక్కన కూర్చొనవలెను. ఆ పిల్ల తన సంచీలను అమ్మాలని అనుకొంటున్నది. ఒక్కొక్కదానికి ఎంత అడగాలని నన్ను అడిగినది. త్రాడు ధర వేయమ్మా, దానితోపాటు నీవు కూర్చొన్న గంటలకూ ధర వేయమని చెప్పినాను.